ఒడ్డు లేని ఊళ్ళ నది

వెనక వరసల్లో కాలేజీ పిల్లలు కనబడుతున్నారు. హాజరు వేస్తారన్న భయంతో వచ్చినవాళ్ళూ వాళ్ళలో ఉండే ఉంటారు. వాళ్ళకు ప్రత్యేకంగా నమస్కారం పెడుతున్నాను. చివర్లో నేను అడగబోయే పని వాళ్ళదే మరి.

పద్మశ్రీ మాచాని సోమప్ప గారి స్మృతిలో నన్ను మాట్లాడమన్నారు. ఈ ఎమ్మిగనూరులో ఆయన గురించి చెప్పడమంటే మీకు తెలిసిందే మీకు చెప్పడం. అయినా పిల్లల కోసం రెండు మాటలు. చేనేత పని చేసేవాళ్ళలో మగ్గం ఎవరింట్లో వాళ్ళది, అప్పు ఎవరి నెత్తిన వాళ్ళదిగా ఉన్న రోజుల్లో, 1938లో, సోమప్ప గారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం నిలబెట్టారు. నూలు తెప్పించడం, రంగు అద్దించడం, నేసిన బట్టను అమ్మిపెట్టడం ఒక చోటికి చేరాయి. ఇక్కడి దుప్పట్లు, తెరల గుడ్డలు సముద్రాలు దాటాయి. సంఘాలు పెట్టినవాళ్ళు మన దేశంలో చాలామంది ఉన్నారు. పెట్టిన సంఘం పేరుతోనే ఊరిని గుర్తుపట్టేలా చేసినవాళ్ళు తక్కువ.

ఆయన పేరు మీద ఉపన్యాసానికి నది ఎందుకు తీసుకున్నావని నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒక మిత్రుడు అడిగాడు. జవాబు చివరి భాగంలో ఉంది. అందాకా ఓపిక పట్టమన్నాను. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను.

1

ఆదోనికి నది లేదు. ఎమ్మిగనూరుకూ లేదు. తుంగభద్ర మనకు ఉత్తరాన, అవతల కర్ణాటకను, ఇంకాస్త కిందికి పోతే ఇప్పటి తెలంగాణను పెట్టుకుని పారుతుంది. ఎమ్మిగనూరు నుంచి ఇరవై కిలోమీటర్లు, ఆదోని నుంచి ముప్పై పైమాటే. ఆదోని కోట ఎక్కి ఎంత కళ్ళు చికిలించినా నీటి మెరుపు కనబడదు. కానీ హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎవరైనా "మీ ఊరి నది ఏది?" అంటే మనం ఒక్క క్షణం కూడా తడుముకోం. తుంగభద్ర అంటాం. గొప్పగా అంటాం.

ఆ గొప్పతనం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు. మంత్రాలయం. మా ఇళ్ళల్లో గురువారానికి ముందు బుధవారం రాత్రే సంచి సర్దేవారు. ఎర్ర బస్సు, చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగడం, పాదాల కింద కాలే రాయి, నీళ్ళలో మోకాలు దాకా దిగగానే పిక్కల్ని గిల్లే చేపపిల్లలు. అవతలి ఒడ్డున గాణధాళ్ పంచముఖి ఆంజనేయుణ్ణి చూడటానికి పుట్టి ఎక్కేవాళ్ళం. పుట్టి నది నడిమధ్యలో ఒక్కసారి గిర్రున తిరుగుతుంది. అది పుట్టివాడు కావాలని చేసే పని అని పెద్దయ్యాక తెలిసింది. పిల్లలు కేకలు పెడితే వాడికి సంతోషం. ఎండాకాలం నాగలదిన్నె వైపు వెళ్తే నది అంతా ఇసుకే. చేత్తో తవ్విన చెలమలో ముందు బురద నీళ్ళు, వాటిని తోడి పారబోస్తే అద్దంలాంటి నీళ్ళు. ఇసుకలో వేసిన దోసపాదుల్లో మేం దొంగిలించి తిన్న కాయల రుచి గురించి ఇప్పుడు మాట్లాడను, ఆ పాదులు వేసినవాళ్ళ మనవలు ఈ సభలో ఉండొచ్చు.

ఇంకో సంగతి. మంత్రాలయానికి పాత పేరు మంచాల. ఆ ఊరు రాఘవేంద్ర స్వామికి ఆదోని పాలకుడు సిద్ధి మసూద్ ఖాన్ ఇచ్చాడు. నవాబు పరీక్షించబోయి పళ్ళెంలో మాంసం పెట్టి తెస్తే గుడ్డ తీసేసరికి పూలూ పళ్ళూ అయ్యాయని కథ. కథ మాట ఎలా ఉన్నా, 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసిన ఆ ఒడ్డు ఆదోని ఏలుబడిలోని నేల. ఆదోనిలో జామియా మసీదు కట్టించినవాడూ ఆ సిద్ధి మసూద్ ఖానే. మా ఊరికి ఒడ్డు లేదన్నాను గానీ, ఒకప్పుడు ఉన్న ఒడ్డును మా ఊరే దానం చేసిందని చెప్పుకోవచ్చు.

ఇవన్నీ తీయని జ్ఞాపకాలు. నేను వీటికి వ్యతిరేకిని కాను. నా వాదన ఒక్కటే. మన ప్రేమ అంతా పండగకు వెళ్ళి చూసొచ్చిన నది మీద ఉంది, రోజూ మన బిందెలోకి వచ్చిన నది మీద లేదు. అలా లేకపోవడం వల్ల మనకు నష్టం జరిగింది. మిగతా భాగాలన్నీ ఈ మాటకు వివరణ.

2

1953 ఏడాదిని మన ప్రాంతం చరిత్రలో సరిగా రాసుకోలేదు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరాయి. కోర్టు పనికి బళ్ళారి వెళ్ళే అలవాటున్న మా తాతలు దిక్కు మార్చుకోవడానికి చాలాకాలం పట్టింది. అదే 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం నుంచి కాలువలకు నీళ్ళు వదిలారు. ఒకే ఏడాదిలో మన జిల్లా మారింది, మన నదీ మారింది.

డ్యాం ఆలోచన కొత్తది కాదు. ఆర్థర్ కాటన్ 1860 నాటికే ఇక్కడ నీళ్ళు నిలపొచ్చన్నాడు. 1876-78 కరువు ఈ నేలను తుడిచిపెట్టింది. ఆ కరువులో అత్యంత నష్టపోయిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి, ఆదోని అందులో భాగం. అంత జరిగినా అటు నిజాం, ఇటు మద్రాసు లెక్కలు కుదుర్చుకునేసరికి 1944 వచ్చింది. 1945 ఫిబ్రవరిలో రెండు ఒడ్డుల మీదా శంకుస్థాపన చేశారు. ఈ మధ్యలో 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీటిపారుదలలో రాయలసీమకు ముందు వరస అని రాసుకున్నారు. ఆ కాగితం సంగతి ఇవాళ ఎత్తుకుంటే రాత్రి అయిపోతుంది, వదిలేస్తున్నాను.

ఒక మాట మాత్రం వదలను. డ్యాం వెనక దాదాపు 90 ఊళ్ళు మునిగాయి. మన పొలానికి నీరు రావడానికి ఎవరో తమ ఊరి గుడినీ, బావినీ, తాతల సమాధుల్నీ వదులుకున్నారు. వాళ్ళకు ఊరి నది అంటే ఊరిని మింగిన నది. మనం నది జ్ఞాపకాలు చెప్పుకునే చోట వాళ్ళను ఒక్కసారైనా తలచుకోవాలి.

3

డ్యాం కుడిపక్క నుంచి బయలుదేరిన దిగువ కాలువ, మనం ఎల్లెల్సీ అనేది, కర్ణాటకలో దాదాపు 250 కిలోమీటర్లు నడిచి, దారిలో హగరి నదిని అక్విడక్టు మీద దాటి, మన జిల్లాలో అడుగుపెడుతుంది. అక్కణ్ణుంచి ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు. కాగితం మీద మన ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. ఆదోని తాగేది బసాపురం చెరువులో నిలబెట్టిన ఈ కాలువ నీరే. ఎమ్మిగనూరు తాగేది గుడేకల్ చెరువులో చేరింది. ఇప్పుడు మీ ముందున్న ఈ గ్లాసులో ఉన్నదీ తుంగభద్రే. మంత్రాలయం నుంచి రాలేదు. హోస్పేట నుంచి, ఎండలో, గట్ల మధ్య, వందల కిలోమీటర్లు నడిచి వచ్చింది.

మా మేనమామది కాలువ పక్క పల్లె. బడి తెరిచిన కొన్నాళ్ళకు, జొన్న విత్తనాలు పడ్డాక, "నీళ్ళు వదిలినారంట" అని మాట పుట్టేది. హోస్పేటలో వదిలిన నీరు మా దగ్గరికి రావడానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ ఊరు చెవులు నిక్కబొడుచుకుని ఉండేది. కాలువ కాపలా చూసే లస్కరు సైకిలు మీద వచ్చి ఏ ఊరి దాకా వచ్చిందో చెప్పేవాడు. వచ్చే రోజు ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకుని గట్టెక్కేవారు.

మొదటి నీరు చూడటానికి ఏమంత అందంగా ఉండదు. ముందు ఒక నురగ గీత. అది ఎండాకులు, ముళ్ళకంప, తెగిన చెప్పు, చచ్చిన తేలు, ఏ ఊళ్ళోనో పిల్లవాడు పోగొట్టుకున్న రబ్బరు బంతి, అన్నీ నెట్టుకుంటూ, నడిచే మనిషి కన్నా నిదానంగా వస్తుంది. మేం దాని ముందు కాలువ అడుగున పరుగెత్తేవాళ్ళం. వెనక నుంచి పెద్దవాళ్ళ తిట్లు. మడమ తడిస్తే ఓడినట్టు. మా మేనత్త ఆ నీళ్ళు దోసిట పట్టి కళ్ళకద్దుకునేది. అంత మురికి నీళ్ళను ఎవరైనా అద్దుకుంటారా అని అడిగితే, "బళ్ళారి నుంచి నడిచొచ్చింది రా, కాళ్ళు కడుక్కోలేదు" అంది. నదిని గురించి ఇంతకన్నా ఆత్మీయమైన మాట నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

తర్వాత నాలుగైదు నెలలు కాలువే ఊరు. తూము దగ్గర ఈత నేర్చుకున్నాం, ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని. వంతెన పిట్టగోడ మీంచి దూకడం పెద్దరికం. బట్టలుతికే బండలు, గేదెలు దిగే రేవు, సాయంత్రం మగవాళ్ళు కూర్చునే గట్టు దేనికది వేరు. కన్నడంలో తిట్టుకుని, తెలుగులో సర్దుకుని, ఉర్దూలో బేరమాడుకునే మా భాష ఆ గట్టు మీదే తయారైంది. నల్లరేగడిలో జొన్న, పత్తి, వేరుశెనగ తప్ప ఎరగని ఇళ్ళల్లో వరి కుప్పలు పడ్డాయి. పండగ అన్నం రోజువారీ అన్నం అయింది. జొన్నరొట్టె మీద నా పక్షపాతం అలాగే ఉంది. కానీ పిల్లవాడు "ఈ రోజు ఏం పండగ?" అని అడగకుండా అన్నం తిన్న తరం ఎల్లెల్సీతో మొదలైంది. పైన కర్ణాటకలో, గంగావతి, సింధనూరు వైపు, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చి పడి క్యాంపుల పేరుతో ఊళ్ళే వెలిశాయి. తుంగభద్ర కాలువలు మనుషుల్ని కూడా పారించాయి.

అయితే చూడండి, ఈ జ్ఞాపకాల్లో ఒక్కటైనా మన కథల్లో, పాటల్లో "నది"గా వచ్చిందా? వస్తే కాలువగా వచ్చింది, పక్కన ఎక్కడో.

4

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. మూడో వరసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నారు, నాకు కనబడుతూనే ఉంది. కాలువ కాలువే, నది నదే. కాలువను ఇంజనీరు గీస్తాడు, గేటు మూస్తే ఆగిపోతుంది, దానికి పుట్టుక లేదు, పుష్కరం లేదు.

సరే. మరి మంత్రాలయం దగ్గరి నది సంగతేమిటి? గేటు మూస్తే అదీ ఆగుతోంది. పైన డ్యాం. కిందికి వస్తే రాజోలిబండ ఆనకట్ట, ఇటు మన కోసిగి మండలం, అటు రాయచూరు. ఇంకా కిందికి పోతే సుంకేసుల. ఏప్రిల్, మే నెలల్లో మంత్రాలయం ఘాట్ కింద నీరుందా లేదా అనేది చాలావరకు పైవాళ్ళు ఎంత వదిలారన్న దాని మీద ఆధారపడుతుంది. కూడలి దగ్గర తుంగ, భద్ర కలిసి పుట్టిన నది సంగమేశ్వరం దాకా పోయేలోపు ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టండి. మనం నది అని మొక్కేది కూడా ఇప్పుడు సగం కాలువే. తేడా ఒక్కటే. ఒకదానికి హారతి ఉంది, ఇంకోదానికి లేదు.

ఆ మాటా పూర్తిగా నిజం కాదు. ఉరుకుంద వెళ్ళండి. శ్రావణమాసంలో ఈరన్నస్వామికి లక్షల మంది వస్తారు. వాళ్ళు స్నానం చేసేది ఎక్కడ? ఎల్లెల్సీలో. తలనీలాలు ఇచ్చి, కాలువలో మూడు మునకలు వేసి, తడిబట్టలతో గుడికి పోతారు. ఇది నదా కాలువా అని వాళ్ళలో ఒక్కరూ అడగరు. చదువుకున్న మనం వేసుకున్న చిక్కుముడిని ఆ భక్తులు ఎప్పుడో విప్పేశారు. 2020 పుష్కరాల్లో మహమ్మారి భయంతో నదీ స్నానాలకు ఆంక్షలు పెట్టినప్పుడు మన ఇళ్ళల్లో కొళాయి కింద తల పెట్టి "తుంగభద్రే" అనుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు భక్తితో అన్నా, భూగోళం ప్రకారం కూడా అది నిజం.

నది అనగానే మెత్తబడే మనసుకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2009 అక్టోబరు 2. మంత్రాలయం మునిగింది. నాగలదిన్నె వంతెన పోయింది. కర్నూలు నగరంలో ఇళ్ళ మీదికి ఎక్కినవాళ్ళు రాత్రంతా చీకట్లో నీటి చప్పుడు విన్నారు. అవతలి ఒడ్డున రాజోలి నేతన్నల మగ్గాలు నీళ్ళపాలయ్యాయి. ఎమ్మిగనూరు సభలో మగ్గం మునగడమంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు. కాలువకు ఎన్ని లోపాలున్నా మన మీద ఇంత కోపం ఎన్నడూ చూపలేదు.

5

ప్రేమ లేకపోతే నష్టమేమిటి? దీనికి కథ అక్కర్లేదు, గట్టు మీద ఒక సాయంత్రం నడిస్తే చాలు. మంత్రాలయం ఘాట్‌లో ఎవరైనా ప్లాస్టిక్ సంచి విసిరితే పక్కవాడు కోప్పడతాడు. కాలువలో కోళ్ళ వ్యర్థాలు బస్తాతో పారబోస్తే ఎవడూ తల తిప్పడు. ఆ నీరే ఎండాకాలం చెరువులో నిలబడి మన బిందెలోకి వస్తుంది. ఘాట్ మెట్లకు చందాలు పోగవుతాయి. లైనింగు ఊడిన చోట గట్టు కోసుకుపోతే "సర్కారు చూసుకుంటుంది" అంటాం.

చివరి ఆయకట్టు గురించి నిష్ఠూరంగా మాట్లాడాలి. పైవాళ్ళు మన నీళ్ళు తోడేస్తున్నారని మనం అంటాం. అందులో నిజముంది. సరిహద్దు దాటే లోపే చాలా మోటార్లు పడతాయి. కానీ సరిహద్దు దాటాక? ఆదోని దగ్గర ఉన్నవాడికి కోడుమూరు రైతు ఎలా కనబడుతున్నాడు? మనకు బళ్ళారి ఎలాగో, వాళ్ళకు మనం అలాగే. ఆరుతడి పంటలకని ఇచ్చిన నీటితో పైన వరి మీద వరి వేస్తే కింద తూము దగ్గర మిగిలేది తేమ మాత్రమే. ఆ తేమ చూసిన కుటుంబాలే కార్తీకం దాటగానే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు మిరపకాయలు కోయడానికి సుగ్గికి, అంటే కోతల వలసకు, పోతున్నాయి. కోసిగి రైల్వేస్టేషన్లో మూటల మధ్య నిద్రపోయే పిల్లల్ని మీరంతా చూసే ఉంటారు. నదీ దూరం కాదు, కాలువ ఇంకా దగ్గర.

నీరే తగ్గిపోతోందన్నది ఇంకో నిజం. కట్టిన నాడు డ్యాం నిలిపింది 133 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడు లెక్కలో ఉన్నది 105 చిల్లర. పైన అడవి పోయిన మట్టి, గనుల మట్టి మన వాటాను కొంచెం కొంచెంగా తినేసింది. చప్పుడు లేని నష్టం గనుక ఎవరికీ పట్టలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి మాత్రం చప్పుడైంది. 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన డ్యాం. ఆ వారం ఆదోని మార్కెట్లో పత్తి ధర ఎవరూ అడగలేదు, హోస్పేట సంగతి అడిగారు. విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, పారే నీళ్ళలోనే స్టాప్‌లాగ్ దించి ఆపారు. ఆ వారం రోజులు మన వాళ్ళ మొహాల్లో నేను చూసిన ఆందోళన, ఇంట్లో మనిషి ఆసుపత్రిలో ఉన్నప్పటి ఆందోళన. అప్పుడు తెలిసింది, ప్రేమ లేక కాదు, దాన్ని చూపే చోటు మనకు అలవాటు కాలేదని.

6

ఇప్పుడు సోమప్ప గారి దగ్గరికి వస్తాను.

నేతగాళ్ళకు నైపుణ్యం ఆయన ఇచ్చింది కాదు, అది వాళ్ళ తాతలది. ఆయన చేసింది విడివిడి మగ్గాలకు ఉమ్మడి లెక్కల పుస్తకం పెట్టడం. ఎవరు ఎంత నేశారు, ఎవరికి ఎంత రావాలి, ఎవరి బాకీ ఎంత అన్నది పదిమంది చూసేలా రాయించడం. సహకారం అంటే ఉపన్యాసాల్లో గొప్ప ఆదర్శంలా వినబడుతుంది గానీ, అసలు సంగతి చూస్తే అది అందరికీ కనబడే ఖాతా.

కాలువకు ఆ ఖాతా లేదు. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు, ఎన్నికలు జరిపారు. మధ్యలో ఏళ్ళ తరబడి అవి నిద్రపోయాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలయ్యాయి. సంఘం ఉండటం వేరు, తూము దగ్గర ఈ రోజు ఎంత నీరు వచ్చిందో పలక మీద రాసి ఊరందరికీ చూపడం వేరు. ఎమ్మిగనూరు చేనేత సంఘం పెట్టిన ఊరు ఈ రెండో పని చేయలేకపోతుందంటే నేను నమ్మను.

అందుకే కాలేజీ పిల్లలకు నా విన్నపం. తుంగభద్రకు వచ్చే పుష్కరం 2032లో. ఈలోపు మీ మీ ఊళ్ళలో కాలువ పుస్తకం ఒకటి రాయండి. మీ ఊరికి మొదటి నీరు ఎప్పుడొచ్చిందో, ఆ రోజు ఏం జరిగిందో డెబ్బై దాటినవాళ్ళను అడగండి. విశ్రాంత లస్కర్లు ఇంకా కొందరు ఉన్నారు. ఏ ఏడాది తూము దాకా ఎన్ని రోజులు నీరు పారిందో వాళ్ళ నోట్లో ఉంది, కాగితం మీద లేదు. దాన్ని ఎక్కించండి. ఏ చోట గట్టు తెగిందో, ఏ ఏడాది చివరి మడి ఎండిందో, ఎవరు సుగ్గికి పోయారో రాయండి. ఆదోని పిల్లలు కోడుమూరు ఊళ్ళకు వెళ్ళి రాయండి, వాళ్ళు ఇక్కడికి వచ్చి రాస్తారు. మంత్రాలయం జ్ఞాపకాలు కూడా రాయండి, వద్దనను, రెండు పేజీలు చాలు. రేపు నీటి వాటాల మీద ఎవరైనా కూర్చుని మాట్లాడేటప్పుడు, ఆ బల్ల మీద పెట్టడానికి మన దగ్గర మన చేతిరాతలో ఉన్న లెక్క ఒకటి ఉండాలి.

పుస్తకం కొనడానికి డబ్బుల్లేవంటే, ఈ సభలో నాకు కప్పిన శాలువా ఎమ్మిగనూరు మగ్గం మీద నేసింది, మంచి ధర పలుకుతుంది. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే మొదటి చందా అదే.